బేరం నుంచి ఒడంబడిక దాకా

ముషీరాబాద్‌లో ఆర్.టి.సి. చౌరస్తా అనగానే హైదరాబాదు నగరవాసులకు ముందుగా సినిమా హాళ్లు గుర్తుకు వస్తాయి. కాని ఆ పేరు రోడ్డు రవాణా సంస్థది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయమైన బస్ భవన్ ఆ సమీపంలోనే ఉన్నది. అక్కడికి కొద్ది దూరంలో ఆజామాబాద్ పారిశ్రామిక వాడ ఉన్నది. విద్యానగర్ మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి వెళితే తార్నాక వస్తుంది. తార్నాకలో ఆర్.టి.సి. ఉద్యోగుల ఆసుపత్రి ఉన్నది. ఈ కొద్ది మైళ్ల దారిలో ఒక కార్మికుని జీవితం యావత్తూ కనిపిస్తుంది. పనిచేసే డిపో, జీతం నిర్ణయమయ్యే కార్యాలయం, జబ్బుపడితే చేరే ఆసుపత్రి, పిల్లలు చదువుకోవాలని ఆశపడే విశ్వవిద్యాలయం, అన్నీ ఈ దారిలోనే ఉన్నాయి.

నిజాం సంస్థానంలో రైల్వే శాఖ కింద 1932లో ఈ రవాణా వ్యవస్థ ప్రారంభమైనప్పుడు దానికి ఉన్నవి 27 బస్సులు, పనిచేసినవారు 166 మంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన తరువాత 2019 నాటికి ఒక్క తెలంగాణ సంస్థలోనే ఉద్యోగుల సంఖ్య సుమారు 48 వేలు. ఇంతమంది జీతం ఎంత, పని గంటలు ఎన్ని, సెలవులు ఎన్ని అనే సంగతులు ఎవరు నిర్ణయిస్తారు? ఏ విధంగా నిర్ణయిస్తారు? బస్సు ఆగిన రోజున సమ్మె అన్న మాట ఇంటింటా వినవస్తుంది. బస్సు నడిచిన రోజుల వెనుక ఉన్న ఒడంబడిక అన్న మాట మాత్రం సాధారణంగా ఎవరి చెవినీ పడదు. ఆ వినపడని మాటను గురించి ఇప్పుడు ముచ్చటించుకుందాము.

ముషీరాబాద్ చేపల మార్కెట్టుకు వెళ్లినవారికి బేరమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ధర నచ్చకపోతే కొనేవాడు పక్క గంప దగ్గరకు పోతాడు. అమ్మేవాడు మరొక కొనుగోలుదారు కోసం ఎదురుచూస్తాడు. అయితే పొద్దెక్కినకొద్దీ అమ్మేవాని ఓర్పు తగ్గుతుంది. చేప సాయంత్రం దాకా ఆగదు గదా! కార్మికుడు అమ్ముకునేది శ్రమ. అది చేపకంటె త్వరగా చెడిపోయే సరుకు. ఈనాటి శ్రమను దాచి రేపు అమ్ముకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక డ్రైవరు పోతే యాజమాన్యానికి మరొక డ్రైవరు దొరుకుతాడు. ఆ డ్రైవరుకు మరొక ఆర్.టి.సి. దొరకదు. ఒక్కొక్కరు విడివిడిగా బేరమాడితే త్రాసు మొదటి నుంచీ ఒక వైపుకే మొగ్గి ఉంటుంది.

అందరూ కలిసి ఒకే నోటితో ధర చెప్పినప్పుడు పరిస్థితి మారుతుంది. ఒక డ్రైవరు పనిలోకి రాకపోతే ఒక బస్సు ఆగుతుంది. అందరూ రాకపోతే సంస్థ ఆగుతుంది. అప్పుడు ఆగలేని స్థితి యాజమాన్యానికి కూడా ఏర్పడుతుంది. ఇద్దరికీ ఆగలేని అవసరం ఉన్నచోటనే నిజమైన బేరం సాగుతుంది. దీనినే సమష్టి బేరమని అంటున్నాము. అందులో కుదిరిన షరతులను కాగితం మీద వ్రాసి, ఇరుపక్షాలవారు సంతకాలు చేస్తే అది ఒడంబడిక.

ఈ ప్రాంతానికి ఈ సంప్రదాయం కొత్త కాదు. నిజాం పాలన చివరి రోజులలో, 1946లో, అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినది. మహాకవిగా మనమెరిగిన మఖ్దూం మొహియుద్దీన్ దానికి నాయకత్వం వహించారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ ఆయనకు సహచరుడు. ఆ తరువాతి కాలంలో ముషీరాబాద్ నియోజకవర్గం శాసనసభకు పంపినవారిలో ఇద్దరు కార్మికోద్యమం నుంచి వచ్చినవారే. ఆల్విన్ కర్మాగారంలో కార్మికుడిగా జీవితం ప్రారంభించిన టి. అంజయ్య 1980లో రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. నాయిని నరసింహారెడ్డి 2014లో తెలంగాణ తొలి మంత్రివర్గంలో హోం, కార్మిక శాఖలను నిర్వహించారు. పీఠాలు ఎక్కినది వ్యక్తులే అయినా, వారిని నిలబెట్టినది గేటు మీటింగులలో నేలమీద కూర్చున్న జనమని మరువరాదు.

ఇక బేరం జరిగే క్రమాన్ని చూద్దాము. మొదటి ప్రశ్న: కార్మికుల తరఫున బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? 1926 నాటి కార్మిక సంఘాల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోగలిగేవారు. 2001లో వచ్చిన సవరణ తరువాత, సంస్థలో పనిచేసేవారిలో పదింట ఒక వంతు గాని, నూరుగురు గాని, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండవలెనన్న నియమం చేరినది. అయితే నమోదు వేరు, గుర్తింపు వేరు. ఒక సంస్థలో అయిదారు సంఘాలు నమోదు కావచ్చును. అందరితోనూ విడివిడిగా బేరమాడితే ఒకరికి ఒప్పుకున్నది మరొకరు కాదంటారు. అందువలన కార్మికులందరి పక్షాన మాట్లాడే అధికారం ఎవరిదో ముందుగా తేలవలెను.

దానిని తేల్చడానికి మన ప్రాంతంలో అనుసరించిన మంచి పద్ధతి రహస్య ఓటు. సింగరేణి బొగ్గు గనులలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని కార్మికులే ఓటు వేసి ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న కూడా అట్టి ఎన్నిక జరిగినది. ఆర్.టి.సి.లోనూ ఈ పద్ధతి ఉండేది. తెలంగాణ సంస్థలో 2016లో జరిగిన ఎన్నికలో తెలంగాణ మజ్దూర్ యూనియన్ గెలుపొందినది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఎన్నిక జరగలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ గుర్తింపు విషయాన్ని దేశవ్యాప్తంగా చట్టంలోకి తెచ్చినది. ఒకటి కంటె ఎక్కువ సంఘాలున్న చోట, హాజరుపట్టీలోని కార్మికులలో నూటికి 51 మంది మద్దతు ఉన్న సంఘమే ఏకైక బేరసారాల సంఘం అవుతుంది. అట్టి సంఘం లేకపోతే, నూటికి 20 మందికి తగ్గకుండా మద్దతు ఉన్న సంఘాల ప్రతినిధులతో ఒక మండలి ఏర్పడుతుంది.

రెండవ మెట్టు కోర్కెల పత్రం. గేటు మీటింగులలో వినవచ్చిన కోర్కెలన్నిటినీ సంఘం ఒక పత్రంగా వ్రాసి యాజమాన్యానికి అందజేస్తుంది. యాజమాన్యం ప్రతి కోర్కెకూ లెక్క కట్టుకుంటుంది. మన పత్రికలలో తరచుగా కనిపించే ఫిట్‌మెంట్ అన్న మాట ఇక్కడిదే. దానిని ఒక చిన్న లెక్కతో చెప్పుకుందాము. ఒక కండక్టరు మూలవేతనం 10,000 రూపాయలు, కరవు భత్యం నూటికి 30 చొప్పున 3,000 రూపాయలు అనుకుందాము. కొత్త వేతనం నిర్ణయించేటప్పుడు ముందుగా ఆ భత్యాన్ని మూలవేతనంలో కలుపుతారు. అది 13,000 అవుతుంది. దానిపై, పాత మూలవేతనానికి నూటికి ఇంత అని ఒప్పుకున్న పెంపును చేరుస్తారు. ఆ పెంపే ఫిట్‌మెంట్. అది 44 శాతమైతే 4,400 రూపాయలు. కొత్త మూలవేతనం 17,400 అవుతుంది. ఇంటి అద్దె భత్యం, భవిష్యనిధి చందా మొదలైనవన్నీ మూలవేతనాన్ని బట్టే లెక్కకు వస్తాయి. కాబట్టి ఫిట్‌మెంట్‌లో ఒక్క శాతం తేడా ఉద్యోగి పదవీ విరమణ నాటి వరకు అతని కుటుంబాన్ని వెంటాడుతుంది. బల్ల దగ్గర అంకెల కోసం రాత్రి పొద్దుపోయే దాకా వాదులాడుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇరుపక్షాలూ తమంతట తాము అంగీకారానికి రాలేకపోతే మూడవ మెట్టు రాజీ. కార్మిక శాఖకు చెందిన రాజీ అధికారి ఇద్దరినీ పిలిపించి మాట్లాడుతాడు. ఆయన తీర్పు చెప్పడు. ఎవరు ఎంత దూరం దిగిరాగలరో కనుక్కుని, మధ్యేమార్గం సూచిస్తాడు. రాజీ నడుస్తుండగా సమ్మె చేయడానికి చట్టం అనుమతించదు. సమ్మెకు ముందు నోటీసు కూడా ఇవ్వవలెను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఈ నోటీసు నియమం రవాణా, విద్యుత్తు, నీటి సరఫరా వంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది. కొత్త కోడ్ 14 రోజుల ముందు నోటీసు అన్న నియమాన్ని పారిశ్రామిక సంస్థలన్నిటికీ విస్తరించినది.

నాలుగవ మెట్టు సంతకం. ఇక్కడ ఒక ముఖ్యమైన భేదమున్నది. యాజమాన్యం, సంఘం తమలో తాము కూర్చుని కుదుర్చుకున్న ఒడంబడిక ఆ సంతకం చేసిన పక్షాలనే బంధిస్తుంది. రాజీ అధికారి సమక్షంలో, రాజీ ప్రక్రియలో భాగంగా కుదిరిన ఒడంబడిక ఆ సంస్థలోని కార్మికులందరినీ బంధిస్తుంది. సంఘంలో సభ్యులు కానివారికి, సంతకం నాటికి పనిలో చేరనివారికి కూడా అది వర్తిస్తుంది. వచ్చే ఏడాది చేరబోయే యువకుని తరఫున ఈనాడు ఎవరో సంతకం పెడుతున్నారన్న మాట. గుర్తింపు ఎన్నికకు అంత విలువ ఉండడానికి కారణం ఇదే. మనకు ఓటు వేయడం ఇష్టమున్నా లేకున్నా, ఆ సంతకం మన జీతాన్ని నిర్ణయిస్తుంది.

ఒడంబడికకు ఆయుర్దాయం కూడా ఉన్నది. ఎంతకాలమని వ్రాసుకుంటే అంతకాలం అది అమలులో ఉంటుంది. ఏమీ వ్రాసుకోకపోతే ఆరు నెలలు. గడువు తీరిన మరునాడే అది చెల్లని కాగితం కాదు. ఏదో ఒక పక్షం దానిని ముగిస్తున్నామని నోటీసు ఇచ్చి, 60 రోజులు గడిచేవరకు అది ఇరువురినీ బంధిస్తూనే ఉంటుంది. ఒడంబడిక అమలులో ఉన్నంతకాలం, అందులో తేలిన విషయాలపై కార్మికులు సమ్మె చేయరాదు, యాజమాన్యం లాకౌట్ ప్రకటించరాదు. కార్మికులు యాజమాన్యానికి ఇచ్చే విలువైన వస్తువు ఇదే: కొన్నేళ్లపాటు నిశ్చింతగా బస్సులు నడుపుకోగల శాంతి. జీతం పెంపు దానికి చెల్లించిన ధర.

ఒప్పందం ఏ తేదీ నుంచి అమలు అన్నది మరొక కీలకమైన విషయం. సింగరేణి సహా దేశంలోని బొగ్గు గని కార్మికులకు సంబంధించిన 11వ జాతీయ వేతన ఒప్పందం మీద సంతకాలు జరిగినది 2023 మే 20న. అది అమలులోకి వచ్చినట్లు లెక్కించినది 2021 జూలై 1 నుంచి. కనీసం 19 శాతం ప్రయోజనం కలిగే విధంగా, అయిదేళ్ల కాలానికి అది కుదిరినది. చర్చలు దాదాపు రెండేళ్లు సాగినా, వెనుకటి తేదీ ఉన్నందువలన ఆ కాలపు బకాయి కార్మికునికి దక్కినది. ఆలస్యం వలన లాభపడే అవకాశం యాజమాన్యానికి లేకుండా చేసేది ఆ ఒక్క వాక్యమే.

ఇంతవరకు చెప్పినది సక్రమంగా సాగిన బేరం. అది ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు విఫలమవుతుంది అన్నదానికి ఆర్.టి.సి. చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆర్.టి.సి. కార్మికులు వేతన సవరణ కోసం ఎనిమిది రోజులు సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్‌తో అది ముగిసినది. కోరినది ఒక అంకె. ఇచ్చేవారికి ఆ అంకె ఇవ్వగల అధికారం ఉన్నది. బేరం తెగినది.

2019 అక్టోబరు 5న తెలంగాణలో మొదలైన సమ్మె 52 రోజులు సాగినది. కోర్కెల పత్రంలో ఉన్నవి 26 అంశాలు. వాటిలో మొట్టమొదటిది సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయవలెనన్నది. ఇది సంస్థ యాజమాన్యం తనంతట తాను ఇవ్వగలిగినది కాదు. ఇవ్వగలిగిన ప్రభుత్వం ఇవ్వబోనని ప్రకటించినది. విధులలో చేరని కార్మికులు తమను తామే ఉద్యోగాల నుంచి తొలగించుకున్నట్లేనని ముఖ్యమంత్రి అన్నారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లినది. కోర్టు చర్చలు జరపమని చెప్పినది. చర్చలు విఫలమైనవి. జీతాలు లేని ఇళ్లలో పండుగలు గడిచిపోయాయి, కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నవంబరు 25న సంఘాలు ఏ ఒడంబడికా లేకుండానే సమ్మె విరమించాయి. ఆ తరువాత ముఖ్యమంత్రి అందరినీ విధులలోకి తీసుకున్నారు, సమ్మె కాలపు జీతం ఇస్తామన్నారు, పదవీ విరమణ వయస్సును 60 ఏళ్లకు పెంచారు. అయితే అవన్నీ ప్రకటనలుగా వచ్చాయి. సంఘాల స్థానంలో ఉద్యోగుల సంక్షేమ మండళ్లు ఏర్పడినవి.

ఈ రెండింటి మధ్య భేదాన్ని శాంతంగా ఆలోచించవలెను. ప్రకటనలో లభించినది ఒడంబడికలో లభించినదానికంటె కొన్నిసార్లు ఎక్కువే కావచ్చును. కాని ప్రకటన ఇచ్చినవారి ఇష్టం మీద నిలుస్తుంది. ఒడంబడిక ఇద్దరి సంతకం మీద నిలుస్తుంది. మొదటిది తప్పితే విన్నవించుకోవలసి ఉంటుంది. రెండవది తప్పితే చట్టం ముందుకు తీసుకుపోవచ్చును.

ఈ భేదాన్ని జీవితమంతా నొక్కి చెప్పినవాడు ఒక తెలుగువాడు. 1894లో బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదాలను ప్రభుత్వం బలవంతంగా ట్రిబ్యునళ్లకు పంపడం కంటె, ఇరుపక్షాలూ ముఖాముఖి కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన వాదించారు. కోర్టుకు పోయే అలవాటు పడితే సంఘాలు తమ బలం పెంచుకోవడం మరచిపోతాయని ఆయన భయం. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తరువాత రాష్ట్రపతి అయిన ఆ పెద్దమనిషి మాటకు ఎదురుమాట కూడా ఉన్నది. బలమైన సంఘం లేనిచోట ముఖాముఖి బేరం అంటే బలహీనుణ్ణి బలవంతుని దయకు వదలడమే గదా అని కొందరంటారు. రెండు మాటలలోనూ సత్యమున్నది. అందుకే మన చట్టంలో బేరమూ ఉన్నది, రాజీ కూడా ఉన్నది, చివరకు ట్రిబ్యునలూ ఉన్నది.

2019లో తెలంగాణ కార్మికులు కోరినది ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న జరిగినది. అక్కడి ఆర్.టి.సి. ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. తెలంగాణ శాసనసభ కూడా 2023 ఆగస్టులో ఉద్యోగులను ప్రభుత్వ సర్వీసులోకి తీసుకునే బిల్లును ఆమోదించినది. ప్రభుత్వోద్యోగమంటే భద్రత. నెల మొదటి తేదీన జీతం వస్తుందో రాదో అన్న భయం లేదు. ఆ కోర్కెను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే దానికి చెల్లించే ధర ఒకటున్నది. ప్రభుత్వోద్యోగి జీతాన్ని వేతన సవరణ సంఘం సిఫార్సు చేస్తుంది, ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేస్తుంది. అక్కడ విన్నపాలూ, చర్చలూ ఉంటాయి. కాని ఇరుపక్షాల సంతకంతో కట్టుబడే ఒడంబడిక ఉండదు. బల్లకు అవతల కూర్చునే హక్కును ఇచ్చి, భద్రతను పుచ్చుకోవడమన్న మాట. ఈ మారకం లాభమా, నష్టమా అన్నది ఆ కుటుంబాలే తేల్చుకోవలసిన విషయం. అయితే ఇది మారకమని తెలిసి చేసుకోవడం మంచిది.

చివరగా ఒక్క మాట. మన వీధిలో ఆగే బస్సులలో కొన్ని ఆర్.టి.సి.వి కావు, అద్దెకు తీసుకున్నవి. వాటి రంగు ఒకటే, టిక్కెట్టు ఒకటే. కాని డ్రైవరు బస్సు యజమాని వద్ద పనిచేసే మనిషి. పక్క బస్సు డ్రైవరుకు వర్తించే ఒడంబడిక అతనికి వర్తించదు. అదే రోడ్డు మీద, అదే ఎండలో, అదే ప్రయాణికులతో ఇద్దరూ పనిచేస్తున్నా, ఒకని జీతం ఒడంబడికలో ఉన్నది, మరొకనిది యజమాని మనసులో ఉన్నది. ఆజామాబాద్ వంటి పారిశ్రామిక వాడలలో కాంట్రాక్టరు ద్వారా వచ్చే కూలీలది కూడా తరచుగా ఇదే పరిస్థితి. సమష్టి బేరం గొప్పతనం చెప్పుకునే సంఘాలు ఈ మనుషుల కోసం బల్ల దగ్గర ఒక కుర్చీ వేయగలవా అన్నదే ఇకముందు వాటికి అసలు పరీక్ష.

కర్మాగారంలోనో, డిపోలోనో పనిచేసేవారు ఉన్న ప్రతి ఇంటిలోనూ ఒడంబడిక ప్రతి ఒకటి ఉండడం అవసరం. రేషను కార్డు, ఇంటి పన్ను రసీదు దాచుకున్నట్లే దానినీ దాచుకోవలెను. అందులో మూడు సంగతులు చూడండి: ఎవరు సంతకం చేశారు, ఏ తేదీ నుంచి అమలు, ఎప్పటి వరకు. ఆ మూడూ తెలిసిన గృహిణి, ఈసారి బస్సులు ఆగిన రోజున, ఎందుకు ఆగినవో పొరుగింటివారికి కూడా చెప్పగలదు.